తిట్టించుకుని రాసే మా బావ

మొన్న నౌపడ స్టేషన్లో చిన్న బండి కోసం కూర్చున్నాను. పర్లాకిమిడి వైపు పోయే ఆ బండికి తొందర అనేది పుట్టుకతోనే లేదు. అంచేత ప్లాట్‌ఫారం మీద జనమంతా ఎక్కడికక్కడ సంసారాలు పెట్టేసుకున్నారు. నా ఎదరబెంచీ మీద ఒకావిడ నవల చదువుతోంది, మనసులో కాదు, పక్కనున్న ముసలావిడకి వినిపించేలా. నవల్లో భార్య మొగుడితో అంటోంది: "కోపం వస్తే రానీ. ముందు కాళ్ళు కడుక్కుని రా. మట్టికాళ్ళతో కోపం తెచ్చుకుంటే అలికిన ఇల్లు పాడవుతాది."

ముసలావిడ బోసినోటితో పగలబడి నవ్వింది. "రాసినోడెవుడే? ఆడదాని కడుపులో దూరి రాసినట్టున్నాడు!"

చదువుతున్నావిడ అట్ట తిప్పి రచయిత పేరు చదివింది. నేను నోరు మూసుకున్నాను. ఆ పేరు విజయనగరంలో గోనెసంచులు అమ్మే షావుకారుది. నవల రాసింది ఆయన కొట్లో గుమస్తాగా ఉండిన మా బావ. ఆ మాట అన్నది బావ పెళ్ళాం, మా అప్ప, అంటే మా అక్క. కాళ్ళు కడుక్కోనిది కూడా మా బావే. ఇదంతా ఆ ముసలావిడకి చెప్పేలోగా బండి వచ్చేస్తుందని భయపడ్డాను. తీరా చూస్తే చెప్పి, ఆవిడకి అర్థం కాక మళ్ళీ మొదట్నుంచి చెప్పేంత టైముంది.

బావా అప్పా ఇప్పుడు బెజవాడలో ఉన్నారు. అక్కడ నలుగురి పేర్లతో రాస్తూ బావ ఒకేసారి నలుగురు రచయితలట. నాకు తెలిసిన బావ మాత్రం విజయనగరం బావ, ఒక్క రచయితే.

బావ మాకు మేనత్త కొడుకు. అప్పా తనూ చిన్నప్పట్నుంచి జుట్లు పట్టుకుని పెరిగారు. వాళ్ళ పెళ్ళి ఆ తగువు మధ్యలో వచ్చిన చిన్న విరామం, అంతే. మనిషి పొడుగు, సన్నం. తలలో ఎప్పుడూ రెండు మూడు జనపనార పోగులు. వాటిని చూసి బావకి అప్పుడే నెరుస్తోందని బెంగపడినవాళ్ళున్నారు. అబద్ధం ఆడేటప్పుడు కళ్ళజోడు తీసి పంచెకొసతో తుడిచేవాడు. అద్దాలు ఎప్పుడూ తళతళలాడుతుండేవి.

షావుకారు మంచివాడే. ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు తోడల్లుడు. సాలూరులో ఉండే ఆ తోడల్లుడు ఏదో శతకం రాసి శాలువా కప్పించుకున్నాడు. అప్పట్నుంచి షావుకారు అత్తారింట్లో పెద్దపీట సాలూరాయనకి, పక్కపీట ఈయనకి. ఓ రోజు గోడౌనులో బావని పిలిచి అడిగాడట.

"ఒరే, నవల రాయడానికి ఎన్నాళ్ళు పడతాది?"

"రాయడానికా బాబూ, రాయించడానికా?"

"నువ్వు తెలివైనోడివిరా" అన్నాడు షావుకారు. ఒప్పందం అక్కడికి పూర్తయింది. ఆయన వాదన చాలా శుభ్రంగా ఉండేది: "కాగితం నాది, సిరా నాది, గుమస్తా నావోడు. మరి నవల ఎవులిదిరా?" నేనూ చాలాసార్లు ఆలోచించాను. ఎక్కడా కన్నం దొరకలేదు.

బావ గోనెల బేళ్ళ మీదకెక్కి, కప్పులోని అద్దంపెంకులోంచి ఎండ పడే చోట కూర్చుని పట్టపగలే రాసేవాడు. సంచులు కావాలని ఎవరైనా వస్తే జారి కిందకి దిగి, లెక్కపెట్టి ఇచ్చి, మళ్ళీ ఎక్కి హీరోయిన్ని ఏడిపించేవాడు. "నవలంటే ఏటనుకున్నావురా బావా? గోనెసంచి. నింపితే నిలబడతాది, నేకపోతే కూలబడతాది" అనేవాడు నాతో. ఎంత బాగా చెప్పావు బావా అని మెచ్చుకుంటే, మర్నాడు నవలంటే కొబ్బరికాయ అనేవాడు.

నేను ఆ నవలలు అచ్చయ్యే ప్రెస్సులోనే ప్రూఫులు దిద్దేవాణ్ణి. కాబట్టి ఈ రహస్యం తెలిసిన మూడోవాణ్ణి నేను. మిగతా ఇద్దరూ షావుకారూ బావా. అప్ప లెక్కలో లేదు. అసలు కథంతా అదే.

బావకి ఒక లోటు ఉండేది. ఆడవాళ్ళ మాటలు సొంతంగా రాయలేడు. "మొగోళ్ళ మాటలు నానే రాసేస్తాను. మొగోడేటంటాడు? ఊఁ అంటాడు, సరే అంటాడు. ఆడమనిషి నోరిప్పితే కదరా నవల!" అనేవాడు. ఆ నోరు ఇంట్లోనే ఉంది. అది విప్పించడానికి బావ ఇంటికెళ్ళి ఓ తప్పు చేసి వచ్చేవాడు.

ఏ అధ్యాయానికి ఏ తప్పు కావాలో ముందే అనుకునేవాడు. అసూయ కావలిస్తే పక్కింటి ఆనపకాయ కూర బాగుందనేవాడు. విరహం కావలిస్తే చెప్పకుండా రాజాం సంతకి పోయి మర్నాడు వచ్చేవాడు. మామూలు సంసారపు కోపానికి ఒక కుండ. వాళ్ళ వీధిలో కుమ్మరి, బావని చూస్తే లేచి నిలబడేవాడు. ఒకసారి హీరోయిన్‌కి పుట్టింటి పౌరుషం పొడుచుకు రావాలి. బావ ముందురోజే ప్రెస్సుకొచ్చి, "ఒరే బావా, రేపు మీ అప్ప ముందర నిన్ను యెదవ అంటాను. ఏటనుకోకు, కథకి అవసరం" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. సాహిత్యానికి నా వంతు సేవ అదొక్కటే.

అప్ప తిడుతున్నప్పుడు బావ ముఖం చూడాలి. హారతి కళ్ళకద్దుకునేవాడి ముఖం. మర్చిపోతానేమోనని పెదాలు కదుపుతూ బట్టీపట్టేవాడు. అది చూసి అప్పకి ఇంకా మండేది. "ఏటా గొణుగుడు? నాకే ఎదురు సెప్తన్నావా?" అని రెండో విడత మొదలెట్టేది. బావకి అది కొసరు.

నాలుగు రోజులకి ఆ తిట్లు ప్రూఫులై నా బల్ల మీదకి వచ్చేవి. ఇంట్లో అప్ప అన్నది: "వంకాయలు తెమ్మంటే పురుగుల్ని తెచ్చినావు. ఆటికి కాపలాగా నాలుగు వంకాయలు కూడా తెచ్చినావు." ప్రూఫులో మద్రాసు మేడలో జడ్జీగారి అమ్మాయి పియానో పక్కన నిలబడి అంటుంది: "ఏమండీ, మీరు తెచ్చినవి పురుగులు. వానికి అంగరక్షకులుగా నాలుగు వంకాయలు వేంచేసినవి."

"జడ్జీగారి కూతురు వంకాయలు తరగదు కదా బావా?" అన్నాను.

"తరగదు. తిడతాది. తిట్టడానికి ఆస్తి అడ్డమేటిరా?"

విచిత్రం ఏమిటంటే, ఆ నవలలకి విజయనగరంలోకెల్లా పెద్ద అభిమాని మా అప్ప. లైబ్రరీ నుంచి తెచ్చుకుని, పొయ్యి దగ్గర పెట్టుకుని చదివేది. అంగరక్షకుల దగ్గర ఆగి, మళ్ళీ చదివి, బావ వైపు తిరిగేది. "ఇదీ మాటంటే! ఆ షావుకారుకి ఆడదాని మనసు అద్దంలాగ తెలుసు. ఇన్నాళ్ళు ఆయన కొట్లో ఉండి నువ్వేటి నేర్చుకున్నావు? సంచులు లెక్కెట్టడమా?" బావ కళ్ళజోడు తుడుచుకునేవాడు. మన గొంతు మనకి తెలీదంటారు గదా, అలాంటిదే. అప్ప నోట ఉన్నంతసేపు అవి తిట్లు. "ఏమండీ" తగిలించి అచ్చువేస్తే సాహిత్యం.

"చెప్పేయరాదా బావా" అన్నాను ఓసారి, మూడు లాంతర్ల కూడలి దగ్గర టీ తాగుతూ.

బావ ఉలిక్కిపడ్డాడు. "ఒరే, తెలిస్తే నాను రెండు రకాలుగా సచ్చిపోతాను. షావుకారుకి మాటిచ్చినాను, ఉద్దోగం పోద్ది, అదొకటి. దానికంటే పెద్దదుంది. తెలిసిన రోజు నుంచి మీ అప్ప సూసుకుని మాటాడతాది. సూసుకుని తిడితే అది తిట్టు కాదురా, ఉపన్యాసం. నా హీరోయిన్లందరికీ ఒక్కసారే నోరు పడిపోతాది. ఇంక నాను రాయలేను."

అంత గంభీరంగా చెప్పి, గ్లాసులో పడ్డ నారపోగు తీసి పారేసి, టీ తాగాడు.

ఆ తర్వాత బావకి ధైర్యం ఎక్కువైంది. కొత్త నవల్లో మద్రాసు మేడలు వదిలేసి, ఎచ్చెర్ల దగ్గర పల్లెటూరి పిల్లని హీరోయిన్ చేశాడు. ఆమె మాట నోట్లోంచి ఎలా వస్తే అలాగే కాగితం మీద పెట్టాడు. మా కంపోజిటర్ కంగారుపడి, "ఇదేటి బాబూ, మా ఇంట్లో మాటల్లాగున్నాయి. దిద్దేస్తారా?" అని అడిగాడు. దిద్దలేదు. మొదటి భాగం చివర్న మొగుడు చెప్పకుండా కలకత్తా జూట్‌మిల్లుకి పారిపోతాడు. రెండో భాగం చివర్న తిరిగొస్తాడు. ఆ రెండో భాగం పైడితల్లి సిరిమాను సంబరానికి అచ్చయి కొట్లలో ఉండాలి. ఊరంతా జనం వచ్చేది అప్పుడే మరి.

మొదటి భాగం రాగానే లైబ్రరీలో ఆడవాళ్ళంతా కలిసి షావుకారుకి సన్మానం పెట్టారు. పాఠకుల ప్రశ్నలు కూడా ఉంటాయన్నారు. షావుకారు గతుక్కుమన్నాడు. ఆయన తన నవలలు ఎప్పుడూ చదవలేదు, టైములేక. "నువ్వు నా ఎనక కూకోరా" అన్నాడు బావతో. "అవునైతే ఓసారి దగ్గు. కాదైతే రెండుసార్లు దగ్గు." ఇద్దరికీ అది గొప్ప ఉపాయంలా తోచింది. ఏళ్ళ తరబడి జనపనార ధూళి మింగిన మనిషి దగ్గుని నమ్ముకుంటున్నామని ఇద్దర్లో ఒక్కరికీ తట్టలేదు.

మొదటి ప్రశ్న ఓ టీచరమ్మది. "హీరోయిన్ మొగుడు కలకత్తాలో మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడాండి?"

బావ రెండుసార్లు దగ్గాడు. మూడోది దానంతటది వచ్చింది. దాని వెనకాల దాని చుట్టాలు వచ్చాయి. షావుకారు ఒక్కొక్క దగ్గుకీ న్యాయం చేశాడు. "చేసుకుంటాడమ్మా... చేసుకోడు... చేసుకుంటాడు గాని... చేసుకోడు." హాలంతా చప్పట్లు. ఉత్కంఠ అంటే అదీ అన్నారు.

అప్పుడు కాలేజీ పిల్ల ఒకతె కొత్త నవల్లో తనకి నచ్చిన ముక్క చదువుతానని లేచింది. పిల్లది శ్రీకాకుళమే కాబోలు, యాస తు.చ. తప్పకుండా చదివింది.

"గొడుగు మర్సిపోనావు, చెప్పులు మర్సిపోనావు. ఏదో ఓ రోజు నన్నే సంతలో మర్సిపోయి వచ్చేస్తావు. వచ్చి, ఈ రోజు కూరేటే అని అడుగుతావు. నాను సంతలో ఉంటే కూరెవులు వండుతారు?"

జనం విరగబడి నవ్వారు. ముందువరసలో అప్ప అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. అప్ప లేచి నిలబడింది. నాటకాల్లో అయితే ఇక్కడ ఉరుము ఉరమాలి. మా లైబ్రరీలో ఫ్యాను ఆగింది, కరెంటు పోయి.

"ఏటమ్మా, ప్రశ్నా?" అన్నాడు షావుకారు.

అప్ప ఆయన్ని చూడలేదు. ఆయన భుజం మీదుగా బావని చూస్తోంది. "ఈ మాటలు మీకు ఎవులు సెప్పినారండి?"

బావ దగ్గుతూనే ఉన్నాడు. అవును కాదులతో తేలే ప్రశ్న కాదని షావుకారుకి ఆలస్యంగా తెలిసింది. చెమట తుడుచుకుని, చేతికందిన మాట అందుకున్నాడు. "ఇంకెవులమ్మా? మా ఇంటావిడే!"

ఆ ఇంటావిడ ఆడవాళ్ళ వైపు చివరి కుర్చీలో ఉంది. పెళ్ళయ్యాక నలుగురిలో ఆవిడ నోరు విప్పగా ఎవరూ వినలేదు. "నానెప్పుడన్నానయ్యా?" అంది లేచి. "నీకసలు గొడుగుంటే కదా మర్సిపోడానికి! దుకానంలో గోనె కప్పుకుని వస్తావు కదా!"

హాలు కూలిపోయేలా నవ్వారు. ఆ నవ్వులో అప్ప ఒక్క మాట అంటే చాలు, బావ ఉద్యోగం, షావుకారు శాలువా, రెండూ గంగలో కలిసేవి. అప్ప నెమ్మదిగా, "అవునండి, ఇంటావిడే అనుంటాది" అని కూర్చుంది.

గండం గడిచిందనుకున్నాం. మర్నాడు బావ ప్రెస్సుకి వచ్చాడు.

"ఒరే, మీ అప్ప నన్ను మీరు అంటంది."

"ఆఁ?"

"మంచినీళ్ళు కావాలాండీ అన్నాది. అండీ అన్నాదిరా!"

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నువ్వు అన్న మనిషి. నాకూ ఒళ్ళు జలదరించింది.

బావ తన విద్యలన్నీ చూపించాడు. పుచ్చు వంకాయలు తెచ్చాడు. "పరవాలేదండి, బాగు చేసుకుంటాను." తడి తువ్వాలు పరుపు మీద పడేశాడు. "అలాగే ఉంచండి, నేను తీస్తాను." మూడు కుండలు పగలగొట్టాడు. అప్ప పెంకులు ఎత్తి, చేట పక్కన పెట్టి, "కాళ్ళకి గుచ్చుకోలేదు కదండీ?" అంది. ఆ వారం కుమ్మరికి పండగ, బావకి మాత్రం అన్నం సయించలేదు. రెండో భాగంలో చివరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. మొగుడు కలకత్తా నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. హీరోయిన్ నోరు తెరవాలి. తెరవదే!

షావుకారు ఇంకో రకంగా చితికిపోయాడు. సన్మానం రోజు నుంచి ఆయన ఇంటావిడకి మాట్లాడ్డం రుచి తెలిసింది. "ఇన్నేళ్ళదీ ఒక్కసారే ఇచ్చేస్తందిరా" అని బావ దగ్గర వాపోయాడు. బావ ఆశగా పెన్సిలు తీశాడు. "ఏటంటంది బాబూ?" షావుకారు చాలాసేపు ఆలోచించాడు. "చాలా అంటందిరా. ఒక్కటీ గుర్తు లేదు." వినడంలో కూడా పనితనం ఉంటుందని అప్పుడు అర్థమైంది.

సంబరం దగ్గర పడింది. గత్యంతరం లేక బావ ఆ అధ్యాయం సొంతంగా రాశాడు. ప్రూఫు తీసి చూసుకుని నేను బావ ఇంటికి పరుగెత్తాను. మధ్యాహ్నం. అప్ప ఉల్లిపాయలు తరుగుతోంది. బావ అరుగు మీద దిగాలుగా ఉన్నాడు.

"బావా, ఈవిడెవరు?" అని పైకే చదివాను. "నాథా! వచ్చితిరా! మీ పాదధూళి సోకి ఈ గుడిసె పావనమైనది. ఇంతకాలము ఎచట నుంటిరని నేనడుగను. ఆడుదానికి అడుగు హక్కేది?"

కత్తిపీట చప్పుడు ఆగింది.

"ఎవుత్తిరా అది?" అంది అప్ప.

"హీరోయిన్."

"దానికేటి జొరమొచ్చినాదా? సెప్పకుండా కలకత్తా పారిపోనోడికి పాదధూళేటి?"

బావ కదల్లేదు. నేనే అడిగాను. "మరేటంటాది అప్పా?"

"ముందు తలుపు తియ్యదు. ఎవులది అని లోపల్నుంచి అడుగుతాది. నానే అంటాడు. నానంటే ఎవులు? ఈ ఇంట్లో నాను అనే మనిషొకడుండీవోడు. నీళ్ళకెల్లినట్టు కలకత్తా ఎల్లినాడు. నువ్వెవులు? ఊరు తప్పినావా? సత్రం అటేపున్నాది, ఎల్లు. ఆకలేస్తంటే మాత్రం సెప్పు. దారినపోయే పరాయోడికి పెడతాను గాని, మొగుడికి పెట్టను!"

అక్కడికొచ్చేసరికి అప్ప లేచి నిలబడింది. తలుపవతలి మనిషి ఇప్పుడు కలకత్తావాడు కాదు, మా బావ.

"నీలాంటోడే ఆడూను. నా మాట పట్టుకుపోయి ఇంకొకడికి శాలువా కప్పించినావు. పోన్లే, కప్పుకోనీ. ఆ మాటైనా తిన్నగా పట్టుకుపోనావా? గొడుగు మాట తరవాత నానెన్నన్నాను! నీ బుర్రని సంతలో ఒగ్గేస్తే కొనీవోడుండడు, తిరిగిచ్చీవోడుండడు అన్నానా? ఆ పిల్ల సదువుతుంటే ఇప్పుడొస్తాది, ఇప్పుడొస్తాది అని సూస్తన్నాను. రాలేదు! సగంలోనే జనం సప్పట్లు కొట్టీసినారు. సిగ్గుతో సచ్చిపోనాను. నాను తిడితే అంతేనా అనుకోరూ?"

"పేజీ సరిపోలేదే" అన్నాడు బావ, పీలగా.

"సరిపోకపోతే మొగుడి మాటలు పీకెయ్యి! ఆడు అనీదేటి? ఊఁ, సరే!"

నువ్వు అనే మాట తిరిగొచ్చింది. బావ కళ్ళు చెమర్చాయని రాద్దామనుకున్నాను. పక్కన ఉల్లిపాయలున్నాయి, ఖచ్చితంగా చెప్పలేను. చేతులు మాత్రం నా జేబులో పెన్సిలు వెతుకుతున్నాయి.

"నన్నలాగ సూడకు, రాసుకో" అంది అప్ప. "మళ్ళీ సగం మింగేస్తావు."

"సూసుకుని మాటాడవు కదే?" అన్నాడు బావ భయంభయంగా.

"నీ ముఖానికి సూసుకోడం కూడానా!"

ఆ దెబ్బకి బావ ప్రూఫు కాగితాలు తిరగేసి, వెనకవైపు రాయడం మొదలెట్టాడు. అప్ప గడప దగ్గర్నుంచి పొయ్యి దాకా, పొయ్యి దగ్గర్నుంచి గడప దాకా నడుస్తూ తిట్టింది. బావ చేయి అందుకోలేకపోతే ఆగేది. అందుకున్నాక వదిలినచోటు నుంచి ఎత్తుకునేది. చాలాసేపటికి చెంబెత్తి నీళ్ళు తాగి, "ఇంకెంత కావాల?" అంది నన్ను చూసి.

లెక్క చూశాను. "ఇంకో రెండు పేజీలు ఖాళీ ఉంది అప్పా."

అప్ప కొంగుతో మూతి తుడుచుకుని ఆలోచించింది.

"ఆడికి తల్లున్నాదా?"

"నేదే. మొదటి భాగంలోనే పోయింది" అన్నాడు బావ. "అచ్చయిపోయింది కూడాను."

"బతికించు" అంది అప్ప.

బావ పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత కదిలింది.